పొగ వచ్చాక ఆగిన ఎస్‌ఎంపీఎస్‌ను (కంప్యూటర్ పవర్ సప్లైని) మళ్ళీ వాడొచ్చా?

ఆదివారం రాత్రి పాత హార్డ్ డిస్క్‌కి చవక మోలెక్స్–సాటా కన్వర్టర్ (పాత రకం పవర్ ప్లగ్‌ను సాటా డిస్క్‌కి సరిపోయేలా మార్చే వైరు) పెట్టి సిస్టమ్ ఆన్ చేశాను. రెండు నిమిషాలకు కాలిన వాసన, కనెక్టర్ నుంచి పొగ. నేను స్విచ్ దగ్గరికి వెళ్ళేలోపు, అంటే దాదాపు 10 సెకన్లకు, సిస్టమ్ దానంతటదే ఆగిపోయింది. ఇంట్లో ఎంసీబీ పడలేదు.

ఎస్‌ఎంపీఎస్ 550 వాట్లు, బ్రాంజ్ (సామర్థ్య రేటింగ్), 2021లో కొన్నది. కన్వర్టర్ పారేసి, మదర్‌బోర్డు నుంచి విడదీసి, 24 పిన్ కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరును నల్ల వైరుతో కలిపి ఆన్ చేశాను. ఒక పాత డిస్క్, ఫ్యాన్ లోడుగా పెడితే మల్టీమీటర్‌లో 12.08, 5.03, 3.31 వోల్టులు వచ్చాయి. అరగంట నడిచింది, వాసన లేదు. కానీ ఇంత చిన్న లోడు మీద రీడింగ్ బాగుంటే ఏం లాభం?

నా అనుమానం ఆ 10 సెకన్ల మీదే. డబ్బా మీద ఓవీపీ (వోల్టేజీ మితిమీరితే ఆపేది), ఓపీపీ (మొత్తం పవర్ పరిమితి దాటితే ఆపేది), ఎస్‌సీపీ (షార్ట్ అయితే ఆపేది) అని ఉంది, ఓసీపీ (ఒక్కో లైన్‌లో కరెంటు మితిమీరితే ఆపేది) లేదు. పూర్తి షార్ట్ అయితే ఎస్‌సీపీ వెంటనే ఆపాలి కదా. ప్లాస్టిక్ కరిగి సగం షార్ట్ అయినప్పుడు, అది ఓపీపీ పరిమితి దాటకపోతే కరెంటు అలాగే పోతూ ఉంటుందని నాకు అర్థమైంది. షాపులో అడిగితే "ఆన్ అవుతోందిగా, వాడుకోండి" అన్నారు.

గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్‌కి ఈ ఎస్‌ఎంపీఎస్‌నే మళ్ళీ పెట్టొచ్చా, మార్చేయాలా?