ఉద్దానం రోగుల మూత్రంలో అల్బుమిన్ ఎందుకు కనిపించదు?

ప్రశ్న (ఎంబీబీఎస్ విద్యార్థిని, శ్రీకాకుళం):
సీనియర్లకు నమస్కారం. ఉద్దానం ప్రాంతంలోని కవిటి, సోంపేట వైపు నుంచి వచ్చే కిడ్నీ రోగులలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థం) రక్తంలో బాగా పెరిగి ఉన్నా, డిప్‌స్టిక్ (మూత్రంలో ముంచి చూసే పట్టీ) పరీక్షలో అల్బుమిన్ (రక్తంలోని ప్రధాన ప్రోటీన్) లేదనో, కొద్దిగా మాత్రమే ఉందనో వస్తోంది. మధుమేహ రోగులలో ఇలా ఉండదు కదా, కారణం వివరించగలరా?

జవాబు (నెఫ్రాలజీ రెసిడెంట్):
మధుమేహంలో ముందుగా దెబ్బతినేది గ్లోమెరులస్ (కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సన్నని రక్తనాళాల ముడి) వడపోత పొర కనుక అల్బుమిన్ కారుతుంది. ఉద్దానం రోగుల బయాప్సీలలో ప్రధానంగా కనిపించినది ట్యూబ్యూల్స్‌కూ (వడకట్టిన ద్రవం ప్రవహించే సన్నని గొట్టాలు), వాటి చుట్టూ ఉన్న కణజాలమైన ఇంటర్‌స్టీషియంకూ జరిగిన నష్టం. దెబ్బతిన్న ట్యూబ్యూల్స్ తిరిగి పీల్చుకోలేక వదిలేసే బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ వంటి చిన్న ప్రోటీన్లను, ముఖ్యంగా అల్బుమిన్‌నే పట్టే డిప్‌స్టిక్ గుర్తించలేదు. మూత్రాన్ని చిక్కబరిచే శక్తి తగ్గడం వల్ల రోగి రాత్రిళ్లు పలుమార్లు లేస్తాడు. తొలి దశలో బీపీ మామూలుగానే ఉండవచ్చు. అందుచేత జీఎఫ్‌ఆర్ (కిడ్నీలు నిమిషానికి ఎంత వడకడుతున్నాయో చెప్పే కొలత) అంచనా కట్టి, అది 60 కంటే తక్కువగా 3 నెలలకు పైగా నిలిచిందేమో చూడాలి. మూలకారణం మాత్రం ఇంకా తేలలేదు. మీ రాత పరీక్షలో కారణం సిలికా అనో, పురుగుమందులనో ఖాయంగా రాసేయకండి.

జవాబు (జనరల్ మెడిసిన్ వైద్యుడు, విజయనగరం):
పొటాషియం సంగతీ చూడమ్మా. ట్యూబ్యూల్స్ దెబ్బతిన్న తొలి దశలో అది తక్కువగా ఉండవచ్చు గానీ, జీఎఫ్‌ఆర్ బాగా పడిపోయాక పెరుగుతుంది. కొబ్బరితోటల సీమ కనుక, ఆ దశలో పొటాషియం ఎక్కువగా ఉండే కొబ్బరినీళ్ల గురించి తప్పక అడగాలి. ఈసీజీ మారితే ఇచ్చే కాల్షియం గ్లూకోనేట్ గుండెను కాపాడుతుందే తప్ప పొటాషియంను తగ్గించదు. దానిని కణాలలోకి పంపేది గ్లూకోజ్‌తో ఇచ్చే ఇన్సులిన్, శరీరం నుంచి తొలగించేది డయాలసిస్.