65 ఇంచుల చిన్న కంపెనీదా, 55 ఇంచుల పెద్ద కంపెనీదా? జర తేల్చుండ్రి

పానగల్లు పిల్లగాడు
అన్నలారా, అక్కలారా, మా ఇంట్ల పది దినాల సంది ఒక్కటే లొల్లి. పాత 32 ఇంచుల టీవీ మొన్న గాలివానకు పోయింది. చేతిల 50 వేలున్నయ్. నల్లగొండ ప్రకాశం బజార్ల షాపాయన రెండు చూపెట్టిండు. ఒకటి ఊరందరికి తెల్సిన కంపెనీది, 55 ఇంచులు, 48 వేలు. దాని పక్కనే ఎన్నడు పేరు ఇనని కంపెనీది 65 ఇంచులు, 46 వేలు. రెండూ ఫోర్‌కేనే, అంటే 2160 గీతల తెరనే. తమ్ముడేమో 65 అంటడు. బాపు "పేరున్నదే తే" అంటడు. హాలు 14 అడుగుల పొడుగు, 11 అడుగుల వెడల్పు. బాపుకు పోయినేడు శుక్లాల ఆపరేషన్ అయింది, పొద్దంత కేబుల్ల వార్తలే చూస్తడు. రాత్రి మేం ఓటీటీలు, మ్యాచ్‌లు చూస్తం. "ఇంకో 20 వేలు ఏస్తే" అని మాత్రం మొదలువెట్టకుండ్రి, మీ కాళ్లు మొక్కుత.

మిర్యాలగూడ మిల్లు
కండ్లు మూస్కొని 65 తీస్కో తమ్మీ. నేను మూడేండ్ల కింద గిట్లాంటిదే తెచ్చిన, నాకు గూడ అందరు వద్దనే చెప్పిండ్రు. ఇయ్యాల్టిదాంక ఒక్క రూపాయి ఖర్చు కాలే. మ్యాచ్ ఉన్ననాడు మా గల్లీ అంత మా ఇంట్లనే. పేరుకు పైసలు వెట్టి ఏం జేస్తవ్? పెద్ద కంపెనీలు గూడ లోపలి ప్యానెల్, అంటే బొమ్మ కనవడే తెర, బయటనే కొంటున్నయ్. శాంసంగ్ 2022లనే ఎల్‌సీడీ ప్యానెళ్లు తయారుజేసుడు బంద్ జేసింది. ఎల్జీ చైనాల ఉన్న తన ఎల్‌సీడీ ఫ్యాక్టరీని 2025ల టీసీఎల్ గ్రూపుకు అమ్మేసింది. ఇగ పేరెక్కడిది?

పాలమూరు లెక్కల సార్
ఇంచులు అంటే మూల నుంచి మూలకు కొలత. అందుకే పది ఇంచులే కదా తేడా అనిపిస్తుంది. 55కి వెడల్పు 48 ఇంచులు, ఎత్తు 27. 65కి వెడల్పు 57, ఎత్తు 32. వైశాల్యం గుణించి చూడండి, తెర 40 శాతం పెద్దది. కూర్చునే దూరం మూలకొలతకు 1.6 రెట్లు ఉంటే హాయిగా ఉంటుందని ఒక లెక్క. ఆ ప్రకారం 55కి ఏడున్నర అడుగులు, 65కి తొమ్మిది అడుగుల లోపు. మీ 14 అడుగుల్లో సోఫా, స్టాండు పోను ఎంత లేదన్నా పదకొండు మిగులుతుంది. అంత దూరం నుంచి 55 చూస్తే ఫోర్‌కేకి పెట్టిన డబ్బు సగం కంటికి ఆనదు. కాబట్టి నా ఓటు కూడా 65కే. కానీ కొనేముందు పాత పేపర్లు అతికించి ఆ రెండు కొలతలకు కత్తిరించి, గోడకు పెట్టి ఒక పూట చూడండి. షాపు గోడ మీద ఏ టీవీ అయినా చిన్నగానే కనబడుతుంది.

వనపర్తి అక్క
సార్, మీ లెక్క ఓటీటీకి సరిపోతది. వాళ్ల బాపు చూసేది కేబుల్ కదా. మామూలు చానెల్ బొమ్మ 576 గీతలది. దాన్ని 2160 గీతల తెరమీదికి గుంజుతే ఏమైతది? 32ల మంచిగ కనవడ్డ యాంకరమ్మ మొఖం 65ల పిండి చల్లినట్టు ఉంటది. మా ఇంట్ల అయిందే చెప్తున్న. మా అత్తమ్మ రెండు దినాలు చూసి "దీనికి గూడ నా లెక్కనే చూపు ఆగినట్టుంది" అన్నది. హెచ్‌డీ ప్యాక్ ఏపిస్తే జర నయమైంది, గాని నెలనెల దానికి పైసలు వేరే.

ఇంకోటి. షాపుల సోఫాల కూసొని ఎదురుంగ చూస్తం, ఇంట్ల వంట జేస్కుంట పక్క నుంచి చూస్తం. ప్యానెళ్లల్ల వీఏ, ఐపీఎస్ అని రెండు రకాలుంటయ్. వీఏ ప్యానెల్ అయితే ఎదురుంగ నలుపు మంచిగుంటది, పక్కకు జరిగితే రంగు ఎలిసిపోతది. ఐపీఎస్ అయితే పక్క నుంచి మంచిగుంటది గాని చీకట్ల నలుపు బూడిద లెక్క కొడ్తది. రెంట్ల ఏది ఉన్నదో సేల్స్ పిల్లగానికే తెల్వదు. నువ్వే పక్కకు నిలవడి చూస్కో.

గద్వాల జరీ
జీఎస్టీ తగ్గింది కదా, షాపాయన గా 10 శాతం తీసి చెప్తున్నడా లేదా అడిగినవా?

పాలమూరు లెక్కల సార్
10 శాతం కాదు తమ్ముడూ. 32 ఇంచులు దాటిన టీవీలకు 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం పన్ను 18 అయింది. అంటే 128 రూపాయలకు వచ్చేది 118కి రావాలి. తగ్గేది 8 శాతం లోపే. ఎనిమిదో తరగతి లెక్క ఇది, బయట అందరూ 10 అనే చెప్తున్నారు.

సోల్డరింగ్ ఐరన్
దేవరకొండ దిక్కు పదిహేనేండ్ల సంది టీవీలు రిపేర్ జేస్తున్న. ప్యానెల్ ఒక్కటే అంటున్న మిల్లు అన్న మాట అబద్ధం కాదు. గాని నా టేబుల్ మీదికి వచ్చేటియి ప్యానెల్ పోయినయి తక్కువ, బ్యాక్‌లైట్ పోయినయి ఎక్కువ. ఎల్‌ఈడీ టీవీ అంటే ముందట ఎల్‌సీడీ అద్దం, దాని వెనుక బల్బుల పట్టీలు. గా పట్టీలల్ల బల్బులు ఒకదాని ఎన్క ఒకటి వరుసగ ఉంటయ్. ఒక్కటి పోతే లైన్ తెగి తెర మొత్తం నల్లగయితది. మాట మాత్రం ఇనవడ్తది. చవక టీవీల తక్కువ బల్బులు వెట్టి ఎక్కువ కరెంటు తోలుతరు, గందుకే జల్ది మాడుతయ్. క్యూఎల్‌ఈడీ అని రాసి ఉన్నా గిదే కథ, అది గూడ వెనుక లైటున్న ఎల్‌సీడీనే. ఎవ్వరిదైన సరే, కొన్న రోజే బ్యాక్‌లైట్ వంద నుంచి అరవైకి దించుండ్రి. షాపుల మెరిసిపోయే మోడ్ ఇంట్ల అక్కర్లేదు.

అసలు ఇబ్బంది 65ను విప్పుడుల ఉంటది. గా అద్దం బిస్కిట్ లెక్క ఉంటది. ఇద్దరు మనుషులు పట్టి, బోర్ల ఏసి, ఒక్కొక్క షీటు తీయాలె. ఒక మూల వంగిందా, పోయింది. ప్యానెల్ ధర దగ్గరదగ్గర టీవీ ధరే. పేరులేని కంపెనీ పట్టీలు బజార్ల దొరకక కొల్తలు చూస్కుంట వేరేటియి అతికించిన రోజులున్నయ్. గందుకే నేను 55 పెద్ద కంపెనీదే అంట.

తమ్మీ, నిన్ను ఒక్క మాట అడుగుత. మీ పాత టీవీ "పోయింది" అన్నవ్ కదా, మాట వస్తుందా?

పానగల్లు పిల్లగాడు
వస్తుంది అన్నా. బొమ్మ లేదు, వార్తలు ఇనవడ్తున్నయ్. బాపు రేడియో లెక్క ఇంటున్నడు.

సోల్డరింగ్ ఐరన్
ఇంట్ల లైట్లు బంద్ జెయ్యి. టీవీ పెట్టి, సెల్లు టార్చి తెరకు ఆనిచ్చి ఏటవాలుగ కొట్టు. బొమ్మ నీడ లెక్క కదులుతుందా చూడు.

మిర్యాలగూడ మిల్లు
టీవీ కొనమంటే టార్చి పట్టమంటున్నవేందన్నా! తమ్మీ, గిట్ల భయపడుకుంట కూసుంటే ఏది కొనలేవ్. చెడిపోతే చూస్కుందాం. 40 శాతం పెద్ద తెర రోజూ కండ్లముందట ఉంటది, రిపేరు ఎన్నడో ఒకనాడు వస్తది.

సోల్డరింగ్ ఐరన్
గా "ఎన్నడో ఒకనాడు" వచ్చేది నా దగ్గరికే కదన్నా. మీది మిల్లుల స్టెబిలైజర్, ఎర్తింగ్ పక్కాగ ఉన్న లైన్ అయి ఉంటది. ఊర్లల్ల కత వేరే. టీవీ వెనుక స్టిక్కర్ మీద 100 నుంచి 240 వోల్టులని ఉంటే చిన్నచిన్న ఎగుడుదిగుళ్లు అదే తట్టుకుంటది. పిడుగుకు మాత్రం ఏదీ ఆగదు. మబ్బు వడితే ప్లగ్గు పీకుతరు గాని కేబుల్ వైరు మర్చిపోతరు. పిడుగు గా వైరెంబడే వస్తది.

పానగల్లు పిల్లగాడు
మూడు దినాలు ఆలస్యమైంది, ఏమనుకోకుండ్రి.

టార్చి కొట్టి చూసిన. అన్న చెప్పినట్టే, నీళ్ల అడుగున ఉన్నట్టు బొమ్మ కదిలింది! బాపు గూడ వంగి చూసి "అగో, వాతావరణం చెప్తున్నరు" అన్నడు. ఈడ తెల్సిన మెకానిక్‌కు ఇచ్చిన. పట్టీలు మార్చి 1,800 తీస్కున్నడు. టీవీ బాపు అర్రలకు పోయింది, కేబుల్ వైరు గూడ దానికే ఇచ్చినం. అక్కా, మీ అత్తమ్మ బాధ మా బాపుకు తప్పింది.

ఇగ హాలుల ఓటీటీ, మ్యాచ్‌లే. గట్లయితే 65కు అడ్డమేమున్నదని తమ్ముడు మళ్ల షురూ జేసిండు. పెన్‌డ్రైవ్‌ల మా చెల్లె పెండ్లి వీడియో ఏస్కొని షాపుకు పోయినం. మెరిసే మోడ్ తీసెయ్యమంటే షాపాయనకు జర కోపమొచ్చింది గాని తీసిండు. రాత్రి బరాత్ సీన్ల 65ల చీకటి మొత్తం బూడిద రంగు, మా మామ నల్ల కోటు ఏదో, ఎన్క ఉన్న గుర్రమేదో తెలుస్తలేదు. 55ల తెలిసింది. రిపేరుకు ఎవరొస్తరని అడిగిన. పెద్ద కంపెనీ మనిషి నల్లగొండలనే ఉన్నడంట. చిన్న కంపెనీకి హైదరాబాద్ నుంచి రావాలె, "వారం, పది రోజులు" అన్నడు.

ఇంటికొచ్చి సార్ చెప్పినట్టు పేపర్లు అతికించినం. కిటికీకి, స్విచ్‌బోర్డుకు నడుమ 54 ఇంచులే ఉన్నది. 57 ఇంచుల పేపరు పెడితే స్విచ్‌బోర్డు దాని కిందికి పోయింది. మా ఆవిడ ఫ్యాన్ వేద్దామని పేపర్ మీద తడుముతుంటే తమ్ముడు గూడ ఏమనలే.

మిర్యాలగూడ మిల్లు
స్విచ్‌బోర్డు జరిపించు తమ్మీ. ఎలక్ట్రీషియన్‌కు ఎంతయితది, ఐదొందలు.

పానగల్లు పిల్లగాడు
గోడ కొట్టాలె, సిమెంట్ పెట్టాలె, మళ్ల హాలంత రంగెయ్యాలె. రంగు మాటెత్తినంక మా ఆవిడ వంటింటికి గూడ ఎయ్యాలంటది. అన్నా, నా దగ్గర 48,200 ఉన్నయ్. రేపు పొద్దుగాల 55 తేనీకి పోతున్న.