తెమడ శాంపిల్ కొండ దిగేదెలా? మీ పీహెచ్‌సీ నుంచి నిజంగా ఎవరు మోస్తున్నారు?

కొండమీది_ఎల్‌టీ:

నమస్తే అండి. ఏజెన్సీలో ఒక పీహెచ్‌సీలో ఆరేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. ఇక్కడ ఎల్‌టీలు, మైక్రోబయాలజీ వాళ్లు ఉంటారు కదా అని అడుగుతున్నా. మీ దగ్గర శాంపిల్స్ పెద్ద ల్యాబ్‌కి ఎవరు తీసుకెళ్తున్నారు? కాగితం మీద ఎవరు అని కాదు.

మా దగ్గర మలేరియా, తెమడ స్లైడ్లు నేనే చూస్తాను. హిమోగ్లోబిన్, షుగర్, యూరిన్, ర్యాపిడ్ కిట్లు ఇక్కడే. సీబీనాట్ (తెమడలో టీబీ క్రిమి జన్యువుని పట్టే మెషీన్) మాత్రం 46 కిలోమీటర్ల కింద. మెసెంజర్‌గా పెట్టిన అబ్బాయి మానేసి ఏడాది దాటింది. అప్పటినుంచి ఏఎన్‌ఎం మీటింగ్‌కి వెళ్తుంటే ఆమె చేతికిస్తాను, లేదంటే నా సెలవు రోజు నేనే జీపెక్కుతాను. పద్నాలుగు మంది ఎక్కితే గానీ ఆ జీపు కదలదు. డబ్బా నా ఒళ్లో, పక్కావిడ కోడి నా కాళ్ల దగ్గర.

పోయిన నెల 9 ట్యూబులు పంపితే 4 వెనక్కొచ్చాయి. రెండు లీకయ్యాయట. మిగతా రెండింటి మీద పేరు లేదట. పేరు నేనే రాశానండీ, బాల్‌పెన్నుతో. దారిలో ఐస్ కరిగి అక్షరాలన్నీ నీలి మరక అయిపోయాయి. ఆ నలుగురిలో ఒకాయన రెండు గుట్టలు దాటి నడిచొచ్చినవాడు. స్లైడు నెగెటివే వచ్చింది కానీ, ఆయన చొక్కా కిందినుంచి కనబడే ఎముకలు చూస్తే నమ్మబుద్ధి కాలేదు. శాంపిల్ చెల్లలేదన్న కబురు 11 రోజులకి వాట్సాప్‌లో ఫొటోగా వచ్చింది. అప్పటికే ఆయన మిరప కోతలకి గుంటూరు వైపు వెళ్లిపోయాడు.

ఇంకో సంగతి. మా సెంట్రిఫ్యూజ్ (రక్తాన్ని గిర్రున తిప్పి కణాల్నీ సీరాన్నీ వేరు చేసే మెషీన్) తిరగడం లేదు. ఒకాయన రక్తం అలాగే ఐస్ మీద పెట్టి పంపాను, మర్నాడు మధ్యాహ్నానికి చేరింది. పొటాషియం 7 దాటిందని రిపోర్టు! డాక్టరు గారు టెన్షన్ పడి మనిషిని పంపిస్తే, ఆయన చింతచెట్టెక్కి కాయలు దులుపుతున్నాడు.

ఉచిత పరీక్షల జాబితాలో పీహెచ్‌సీకి 63 రాశారు. జాబితా మీద నాకు కోపం లేదు. డబ్బా ఎవరు మోయాలో చెప్పండి చాలు.

పాత_ఎస్టీఎల్‌ఎస్:

అమ్మా, టీబీ ల్యాబుల సూపర్‌వైజర్‌గా (ఎస్టీఎల్‌ఎస్) చేసి రిటైరై నాలుగేళ్లయింది. డీఎంసీలు (తెమడ స్లైడ్లు చూసే కేంద్రాలు) తిరిగి తిరిగి నా బండి అరిగింది గానీ ఈ సమస్య అరగలేదు.

ముందు పేరు సంగతి. తెల్ల ప్లాస్టర్ ముక్క మీద పెన్సిల్‌తో రాసి ట్యూబుకి చుట్టు. పెన్సిల్ రాత నీళ్లకి పోదు. మూత మీద రాయకు, ట్యూబు ఒంటి మీదే రాయాలి. మూతలు మారితే మనుషులు మారిపోతారు. ఫాల్కన్ ట్యూబు (తెమడ పట్టే ప్లాస్టిక్ ట్యూబు) మూత బిగించాక చుట్టూ పారాఫిల్మ్ (సాగే మైనపు పొర), దాన్ని దూది వేసిన జిప్ కవర్లో, ఆ కవర్ని గట్టి డబ్బాలో, నిలబెట్టి పెట్టాలి. ఫారాలు ఎప్పుడూ డబ్బా బయటే. లోపల పెడితే లీకైన రోజు ట్యూబూ పోతుంది, కాగితమూ పోతుంది.

టీకాల క్యారియర్ మాత్రం వాడొద్దు. అందులో తెమడ పెట్టి నేను ఒక ఫార్మసిస్టు చేత తిట్లు తిన్నాను. న్యాయంగానే తిట్టాడు.

ఇక మోసే మనిషి. మీ సంత ఏ వారం? సంత రోజు వాహనాలు ఎక్కువ తిరుగుతాయి. వారానికి రెండు రోజులు ఖాయం చేసి, ఆ రోజు ఎవరు వెళ్తారో డాక్టరు గారి సంతకంతో గోడకి అంటించు. టీబీ శాంపిల్ రవాణాకి ప్రోగ్రాంలో డబ్బు పెట్టుకునే వీలుంది. మీ ఎస్టీఎస్‌ని (టీబీ చికిత్స సూపర్‌వైజర్‌ని) అడుగు. అడిగితే ఇస్తారని కాదు, అడిగినట్టు రిజిస్టర్లో ఉండాలి.

96_గుంటలు:

నేను కింద కూర్చుని శాంపిల్స్ అందుకునే మైక్రోబయాలజిస్టుని. తిట్లు తినడానికి సిద్ధపడే వచ్చాను.

మేడమ్, మీ నాలుగు ట్యూబుల్ని నేనైనా వెనక్కే పంపేదాన్ని. పేరు లేని ట్యూబుకి రిజల్టు ఇస్తే ఒకరి మందులు ఇంకొకరు మింగుతారు. కానీ 11 రోజులన్నది మాత్రం ఒప్పుకోలేను. శాంపిల్ చెల్లకపోతే ఆ పూటే ఫోన్ వెళ్లాలి. మా దగ్గర ఇందుకే తలుపు దగ్గర ఒక నోటుబుక్కు వేలాడుతూ ఉంటుంది. రిజెక్టు చేసినవాళ్లు ఎవరికి ఎన్ని గంటలకి చెప్పారో రాయాలి. మొదట్లో అందరూ మూతి ముడిచారు.

స్లైడు నెగెటివ్ అయినా మీకు అనుమానం రావడం సరైనదే. మైక్రోస్కోపులో కనబడాలంటే మిల్లీలీటరుకి 5 వేల నుంచి 10 వేల క్రిములు ఉండాలి. సీబీనాట్ వంద, నూట యాభై ఉన్నా పట్టేస్తుంది. ఆయన ఇంట్లోవాళ్లని అందరినీ ఈలోపే చూడండి, ఆయన కోసం ఆగకండి.

పొటాషియం తప్పు ఆయనది కాదు, దారిది. ఎర్రకణాల నుంచి వేరు చేయని రక్తాన్ని చల్లగా ఉంచితే పొటాషియం బయటికొచ్చేస్తుంది. షుగర్ అయితే కణాలు తినేసి తగ్గిపోతుంది. సెంట్రిఫ్యూజ్ బాగయ్యేదాకా ఎర్రమూత ట్యూబుని అరగంటో, కాస్త ఎక్కువో కదపకుండా నిలబెట్టి, గడ్డకట్టాక పైన తేలిన సీరం మెల్లగా పిపెట్‌తో తీసి వేరే ట్యూబులో పంపండి. అదీ ఎర్రగా ఉంటే అసలు పంపకండి.

డెంగీ రిపోర్టు ఆలస్యం అని కూడా అందరూ మమ్మల్నే అంటారు. డెంగీ చూసే ఐజీఎం ఎలైసా పరీక్ష ప్లేటుకి 96 గుంటలు. ముగ్గురి కోసం కిట్టు తెరిచినా కంట్రోల్స్ (పరీక్ష సరిగా పనిచేసిందో చూసే నమూనాలు) కొత్తగా పెట్టాల్సిందే. అందుకే శాంపిల్స్ పోగయ్యేదాకా చూస్తాం. మీ ఊళ్లో ఒకేచోట పది జ్వరాలుంటే ముందు ఫోన్ చేయండి, ఆ రోజే పెడతాం. చెప్పకపోతే ఆ పది కూడా వరుసలోనే ఉంటాయి.

2020 డిసెంబరులో ఏలూరులో జనం మూర్ఛతో పడిపోయినప్పుడు శాంపిల్స్ ఢిల్లీ ఎయిమ్స్‌కీ, హైదరాబాద్ ఎన్‌ఐఎన్‌కీ (జాతీయ పోషకాహార సంస్థ) పరిగెత్తాయి. రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని ఎయిమ్స్ నుంచే తెలిసింది. అదే ఏడాది మొదట్లో కోవిడ్ అనుమానం వస్తే హైదరాబాద్ శాంపిల్ కూడా పుణె వైరాలజీ సంస్థకి వెళ్లేది. ఇప్పుడు జిల్లాకో ప్రజారోగ్య ల్యాబ్ అంటున్నారు, 2021 నుంచి కేంద్రం డబ్బు కూడా ఉంది. సంతోషమే. కానీ మీ జీపు సంగతి ఆ ఎస్టిమేట్‌లో ఎక్కడా ఉండదు.

నల్గొండ_ఎర్రమూత:

మాది తెలంగాణలో మైదానం. డయాగ్నస్టిక్ హబ్‌లు (చుట్టుపక్కల ఆసుపత్రుల శాంపిల్స్ చూసే పెద్ద ప్రభుత్వ ల్యాబులు) 2018లో హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎం (ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ) నుంచి మొదలై 2021లో జిల్లాలకు వచ్చాయి. బండి రోజూ పీహెచ్‌సీ గేటు ముందే ఆగుతుంది, రిపోర్టు ఫోన్‌కే వస్తుంది. ఇంతకంటే ఏం కావాలి అనుకునేవాణ్ని, మీ పోస్టు చూసేదాకా. మాకు రోడ్డు ఉంది మేడమ్, అంతే తేడా. బీబీనగర్ ఎయిమ్స్ వాళ్లు డ్రోన్ మీద తెమడ శాంపిల్స్ తెప్పించి చూశారు. ఆ డ్రోన్ ఎగరాల్సింది మీ కొండల మీద కదా అనిపించింది.

కంపాలా_తెలుగోడు:

ఉగాండాలో ల్యాబ్ సామాను సప్లై చేస్తుంటాను. ఇక్కడ 2011 ప్రాంతంలో మీలాగే మొదలైంది గొడవ. పసిపిల్లల హెచ్‌ఐవీ పరీక్షకి ఎండబెట్టిన రక్తపు చుక్కల కార్డులు ఆసుపత్రుల్లో మూలుగుతుండేవి. అప్పుడు వీళ్లు కొత్త మెషీన్లకంటే ముందు మోటార్‌సైకిళ్లు కొన్నారు. ఒక మోస్తరు ల్యాబున్న ఆసుపత్రిని హబ్ అన్నారు. చుట్టూ 30, 40 కిలోమీటర్ల లోపలి ఆసుపత్రులకి ఒక రైడరు. ఏ రోజు ఎటు వెళ్లాలో టైంటేబుల్. హబ్ నుంచి కంపాలా సెంట్రల్ ల్యాబుకి పోస్టాఫీసు వాళ్లే చేరవేసేవాళ్లు.

నాకు నచ్చింది వేరే. శాంపిల్ తీసుకెళ్లిన రైడరే వచ్చే వారం రిపోర్టులు తెచ్చిస్తాడు. నర్సులు ఆయన్ని పేరు పెట్టి పిలుస్తారు, రాకపోతే ఫోన్ చేసి కేకలేస్తారు. అడవి దారిలో ఎర్రమట్టి కొట్టుకుని, వీపున డబ్బాతో వస్తుంటాడు. మెషీన్ పాడైతే ఎవర్ని తిట్టాలో తెలియదు గానీ, రైడరు రాకపోతే తెలుసు.

కొండమీది_ఎల్‌టీ:

అందరికీ ధన్యవాదాలు. మూడు వారాలకి తీరిక దొరికింది, అయిందేమిటో చెప్తాను.

పెన్సిల్, ప్లాస్టర్ అద్భుతం బాబాయ్ గారూ. డబ్బా నా ముందే రెండుసార్లు తడిసింది, పేర్లు చెక్కుచెదరలేదు. సెంట్రిఫ్యూజ్‌లో అరిగింది కార్బన్ బ్రష్‌లేనట, మా డ్రైవర్ తమ్ముడు మోటార్ల షాపు నుంచి తెచ్చి వేశాడు. ఏడాదిగా మూలన పడుంది దీనికా అని నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మంగళ, శుక్రవారాలు ఖాయమయ్యాయి. మంగళవారం సంత కాబట్టి ఆశా కార్యకర్త ఒకామె దిగుతుంది. శుక్రవారానికి ఇంకా మనిషి లేడు, నేనే. రవాణా ఖర్చు కోసం అర్జీ పెట్టాను, రసీదు నంబరు రిజిస్టర్లో రాశాను. 96 గుంటల మేడమ్ గారూ, మీ నోటుబుక్కు సంగతి కింది ల్యాబులో చెప్పాను. వేలాడదీయలేదు కానీ, ఈసారి ఒక ట్యూబు చెల్లకపోతే అదే సాయంత్రం ఫోన్ వచ్చింది. ఉమ్మి ఉంది, తెమడ లేదన్నారు. తప్పు నాదే. ఆరోజు వాన, ఆయన్ని ఆరుబయటికి పంపకుండా వరండాలోనే తొందరపెట్టాను.

మిరప కోతలకి వెళ్లినాయన భార్యనీ ఇద్దరు పిల్లల్నీ చూశాం. పెద్దవాడికి దగ్గుంది, వాడి శాంపిల్ శుక్రవారం డబ్బాలో వెళ్లింది. ఈయన ఫోన్ కలవడం లేదు. సంతలో బావమరిది కనిపించి, ఉగాదికి వస్తాడన్నాడు. పేరు రాసిన ట్యూబు ఒకటి ఆ ఊరి ఆశాకి ఇచ్చి ఉంచాను.