కరెంటు పోయినప్పుడు గ్యాస్ వాసనొస్తే మెయిన్ కట్టాలా?

బొబ్బిలి వీణ:
మెయిన్ స్విచ్చి వీధి అరుగు మీద, ఇన్వర్టర్ హాల్లో, సిలిండర్ వంటిట్లో గట్టు కింద. కరెంటు లేని రాత్రి గ్యాస్ వాసనొస్తే ముందు మెయిన్ కట్టెయ్యమని ఒకరు, ఏ స్విచ్చీ ముట్టుకోవద్దని ఇంకొకరు అంటన్నారు. ఎలగండి?

నాగావళి గట్టు:
వాసనున్న గదిలో స్విచ్చి వెయ్యకూడదు, ఆపకూడదు కూడా. ఆపినా లోపల నిప్పురవ్వ లేస్తుంది. వెలిగే లైటు వెలగనీండి, ఎగ్జాస్ట్ ఫ్యాను జోలికెళ్లకండి. గాలిలో రెండు శాతం గ్యాస్ కలిస్తే చాలు అంటుకోడానికి.

ముందు స్టవ్, ఆ తరవాత రెగ్యులేటర్ నాబ్ కట్టండి. రెగ్యులేటర్ ఊడదీసి, దారానికి వేలాడే మూతను వాల్వు మీద గట్టిగా నొక్కండి. లీకు వాల్వులోని రబ్బరు వాషర్ దగ్గరైతే దాంతో ఆగిపోతుంది. దేవుడి దగ్గర దీపముంటే కొండెక్కించండి. గ్యాస్ గాలికన్నా బరువు, నేలబారుగా పాకుతుంది. పైకిటికీ ఒక్కటే తెరిస్తే చాలదు, వీధి తలుపూ పెరటి తలుపూ బార్లా తియ్యాలి. ఫోను బయటికొచ్చాకే తియ్యండి: గ్యాస్ లీకుకి నంబరు 1906, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

లైన్‌మాన్ బాబాయి:
ఇక్కడో మెలికుంది. కరెంటు ఉన్నప్పుడు మెయిన్ కడితే ఆ క్షణమే ఇన్వర్టర్‌లో రిలే, అంటే బ్యాటరీకి దానంతటదే మార్చే స్విచ్చి, టక్కున మారుతుంది, నిప్పురవ్వ లేస్తుంది. హాల్లోకి వాసన పాకి ఉంటే అదే ముప్పు, మెయిన్ వదిలేసి అందరూ బయటికి రండి. కరెంటు పోయి ఉంటే మాత్రం, అరుగు మీద వాసన లేకపోతే, మెయిన్ కట్టడమే మేలు. లేదంటే కరెంటు తిరిగొచ్చిన క్షణం ఫ్రిజ్ మొదలవుతుంది, రిలే కూడా మారుతుంది.

బొబ్బిలి వీణ:
మంట అంటుకుంటే? షాక్ కొడితే, ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే తనే పడిపోయే స్విచ్చి) ఉంది కదా, సరిపోదా?

నాగావళి గట్టు:
రెగ్యులేటర్ దగ్గర మంటైతే, తడి నూలుగుడ్డ చేతికి చుట్టుకుని నాబ్ కట్టండి. చెయ్యి చేరనంత మంటైతే బయటికొచ్చి 101కి చెప్పండి. నూనె మూకుడు అంటుకుంటే నీళ్లు పొయ్యొద్దు, స్టవ్ కట్టి మూత పెట్టండి. స్టవ్‌కి గ్యాస్ తెచ్చే నారింజ రంగు సురక్ష ట్యూబుని 5 ఏళ్లకి మార్చాలి. లీకు సబ్బునురుగుతో చూడాలి. అగ్గిపుల్ల గీసి చూసే మహానుభావులు ఇంకా ఉన్నారు.

లైన్‌మాన్ బాబాయి:
ఎంసీబీ కాపాడేది వైరుని, మనిషిని కాదు. 16 ఆంపియర్లది ఆపైన లాగితేగాని పడదు. మనిషికి అందులో వెయ్యో వంతులే చాలు ప్రాణం మీదికి రాడానికి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు కాస్త లీకైనా వెంటనే పడిపోయే స్విచ్చి) పెట్టించి, నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూడండి. ఎవరినైనా కరెంటు పట్టుకుంటే మనిషిని ముట్టుకోకుండా మెయిన్ కట్టండి. అది అందకపోతే పొడి కర్రతో తప్పించండి. ఊపిరి లేకపోతే 108కి ఒకరు ఫోను చేస్తుంటే ఇంకొకరు ఛాతీ మధ్యన నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి.

గాలివాన సంగతి మన జిల్లాల వాళ్లకి వేరే చెప్పాలా, 2018 తిత్లీ తుపాను చూశాం. వీధంతా చీకటిగా ఉన్నా తెగిన తీగ దగ్గరికి వెళ్లొద్దు. ఎవరింట్లోనో నడిచే జనరేటర్ నుంచి ఆ తీగలోకి కరెంటు ఎదురు రావొచ్చు. దూరంగా నిలబడి కరెంటు వాళ్ల నంబరు 1912కి ఫోను చేసి స్తంభం నంబరు చెప్పండి.