సీఎన్‌సీగా (కంప్యూటర్‌తో నడిచేలా) మార్చిన చిన్న మిల్లింగ్ మిషన్ నెలకి రెండొందల పీసులు లాగుతుందా?

రాయగడ_లేత్
మాకు ఒడిశా రాయగడలో చిన్న వెల్డింగ్, లేత్ షాపు ఉంది. సీగ్ ఎక్స్2 రకం బల్ల మీది మిల్లింగ్ మిషన్‌కి మూడు వైపులా బాల్ స్క్రూలు, నెమా 23 స్టెప్పర్ మోటార్లు బిగించి, పాత కంప్యూటర్‌లో మాక్3 అనే కంట్రోల్ సాఫ్ట్‌వేర్ పెట్టి నడుపుతున్నాను. ఇన్నాళ్లూ నేమ్‌ప్లేట్లు, రైస్ మిల్లుల వాళ్లకి ఒకటీ అరా ముక్కలు, అంతే. ఇప్పుడు విశాఖ పార్టీ ఒకాయన నెలకి 200 అల్యూమినియం ప్లేట్లు అడుగుతున్నాడు. 60 × 40 ఎంఎం, మందం 6 ఎంఎం, మధ్యలో 40 × 25 పాకెట్ (గుంత) 4 ఎంఎం లోతు, నాలుగు మూలలా ఎం4 ట్యాపులు (స్క్రూ మర రంధ్రాలు), టాలరెన్స్ (కొలతలో తేడా) 0.1 ఎంఎం. ఒక్కటి చేస్తే బాగానే వస్తోంది. వరసపెట్టి చేస్తే ఈ మిషన్ తట్టుకుంటుందా? మా నాన్నేమో లోను పెట్టి వీఎంసీ (పెద్ద సీఎన్‌సీ మిల్లింగ్ మిషన్) తెద్దామంటున్నాడు, నాకు ఆ ఈఎంఐ తలుచుకుంటేనే టెన్షన్.

జయపురం_మిల్లర్
లోను సంగతి తర్వాత, ముందు లెక్క వెయ్యి తమ్ముడూ. ఆ స్పిండిల్ (టూల్‌ని తిప్పే ఇరుసు) మామూలుగా నిమిషానికి 2500 చుట్లు దాటదు. 6 ఎంఎం రెండు పళ్ల కార్బైడ్ ఎండ్ మిల్ (కోసే టూల్)తో పంటికి 0.04 ఎంఎం ఇచ్చావనుకో, ఫీడ్ (టూల్ ముందుకు జరిగే వేగం) నిమిషానికి 200 ఎంఎం. లోతు 1 ఎంఎం, పక్కకి 3 ఎంఎం చొప్పున తీస్తే నిమిషానికి 600 ఘన ఎంఎం పోతుంది, నీ పాకెట్ 4000, అంటే దాదాపు ఏడు నిమిషాలు. ఫినిష్ పాస్, రంధ్రాలు కలిపి పదిహేను అనుకున్నా 200కి 50 గంటలు. నెల మొత్తం మీద 50 గంటలు ఆ మిషన్‌కి ఓ లెక్క కాదు. అలిసిపోయేది నువ్వు, ఎందుకంటే ప్రతి పీసుకీ ఎండ్ మిల్ తీసి డ్రిల్ పెట్టి మళ్లీ జెడ్ జీరో (టూల్ ఎత్తు లెక్కకి సున్నా) పట్టుకుంటూ కూర్చుంటే కోతకన్నా దానికే ఎక్కువ టైం పోతుంది. నాలుగు పీసులు ఒకేసారి బిగించి పట్టే ఫిక్స్‌చర్ ప్లేట్ చేసుకో. నాలుగింటికీ పాకెట్లు అయ్యాకే డ్రిల్ ఎక్కించు. ట్యాపింగ్ మిషన్ మీద వద్దు, బయట చేత్తోనో చిన్న ట్యాపింగ్ హెడ్‌తోనో కానిచ్చెయ్, ఈలోగా అది తర్వాతి నాలుగూ కోస్తుంటుంది.
ఇంకోటి, 40 × 6 ఫ్లాట్ బార్ కొని పొడవు మాత్రం కోసుకుంటే వెడల్పు వైపు పని తప్పుతుంది. పార్టీ ఒప్పుకుంటేనే సుమా.

బరంపురం_గ్యారేజ్
పై అన్న చెప్పింది కరెక్టే. స్పిండిల్ లోపలి టేపర్ ఆర్8 రకం అయితే ముప్పావు అంగుళం కొల్లెట్ (టూల్‌ని పట్టే బిగింపు) పెట్టి, టార్మాక్ టీటీఎస్ తరహా హోల్డర్లు వాడు. హోల్డర్ అంచు స్పిండిల్ ముఖానికి ఆనుకుంటుంది కాబట్టి తీసి పెట్టినా టూల్ పొడవు మారదు, ఒకసారి కొలిచి మాక్3 టూల్ టేబుల్‌లో ఎక్కించుకుంటే చాలు. టేపర్ ఎంటీ3 అయితే ఆ దారి లేదు.
హోమ్ స్విచ్‌లు (మిషన్ మొదలు స్థానం పట్టించేవి) లేకపోతే ఈ ఆర్డరు ఒప్పుకోవద్దు. మన వైపు కరెంటు సంగతి తెలిసిందే. చాలామంది కంప్యూటర్ ఒక్కదానికే యూపీఎస్ పెడతారు, అది ఇంకా డేంజర్. కరెంటు పోగానే మోటార్లు ఆగిపోతాయి, సాఫ్ట్‌వేర్ మాత్రం టేబుల్ కదులుతోందనుకుని అంకెలు తిప్పుతూనే ఉంటుంది. డ్రైవర్ల సప్లై పోతే ఈ-స్టాప్ (అన్నీ ఒక్కసారి ఆపే స్విచ్) పడేలా ఓ రిలే వెయ్యి. కరెంటొచ్చాక హోమ్ చేసుకుంటే ఫిక్స్‌చర్ జీ54 (పని మొదలుపెట్టే సున్నా పాయింటు) ఎక్కడుందో అక్కడే దొరుకుతుంది.

ఆటోనగర్_వైజాగ్
అందరూ ఊరిస్తున్నారు గానీ, ఎక్స్2 కాలమ్ (నిలువు స్తంభం) వెనక ఒకే ఒక్క పెద్ద నట్టు మీద నిలబడుతుందన్న సంగతి ఎవరూ చెప్పరేం? దానికి వెనక నుంచి మందపాటి ప్లేటు ఆన్చకపోతే పాకెట్ గోడలు గీతలు గీతలుగా వస్తాయి. లోపల ప్లాస్టిక్ గేర్లుంటే రోజూ గంటలు గంటలు నడిపితే పళ్లు ఊడతాయి, బెల్ట్ డ్రైవ్‌కి మార్చు. మాక్3లో బ్యాక్‌లాష్ కాంపెన్సేషన్ (స్క్రూ వదులుని సాఫ్ట్‌వేర్‌తో సర్దడం) పెట్టేశాం కదా అని క్లైంబ్ మిల్లింగ్‌కి (కట్టర్ తిరిగే వైపే ముక్కని నడపడం) దిగకు, కట్టరే టేబుల్‌ని లాక్కుంటుంది, అక్కడ సాఫ్ట్‌వేర్ ఏం చెయ్యలేదు. ముందు టేబుల్‌కి డయల్ గేజ్ పెట్టి చేత్తో నెట్టి చూడు, ముల్లు ఎంత ఊగుతుందో.
అల్యూమినియం 6063 రకం ఇస్తే జిగురుగా పళ్లకి అంటుకుంటుంది. 6082 అడుగు, ఎచ్‌ఈ 30 అంటే మా దగ్గర షాపుల్లో ఇస్తారు. బ్రష్‌తో కిరసనాయిలు రాస్తూ చిప్స్ ఊదేస్తుండాలి. పాకెట్‌లో చిప్స్ పేరుకున్నాయంటే సౌండ్ మారుతుంది, సన్నగా కీచుమంటుంది, అప్పుడు ఆపకపోతే ఎండ్ మిల్ హరీ.
నా మాట వింటే వీఎంసీ కొనకు, ఈ మిషన్ మీదే మొత్తం ఆధారపడకు. మొదటి నెల సగం పీసులు ఇక్కడ వీఎంసీ ఉన్నవాళ్ల దగ్గర జాబ్ వర్క్ చేయించు. లాభం తగ్గుతుంది, పార్టీ మాత్రం చెయ్యి జారడు.

రాయగడ_లేత్
థాంక్స్ అన్నా అందరికీ. స్పిండిల్ ఆర్8 అండి, గేర్లు ప్లాస్టిక్‌వే. డయల్ పెట్టి నెట్టి చూశాను, ఎక్స్‌లో (ఎడమ-కుడి) 0.02, వైలో (ముందు-వెనక) 0.06 ఎంఎం ఊగుతోంది. బిల్లు ఎలా ఇవ్వాలి? నాకు జీఎస్‌టీ లేదు.

జయపురం_మిల్లర్
వై వైపు గిబ్ స్క్రూలు (టేబుల్ జారుడు వదులుని బిగించేవి) ముందు చూడు, బాల్ స్క్రూ నట్ మౌంటు తర్వాత. 0.06తో 0.1 టాలరెన్స్‌కి పోకు.
బిల్లు విషయం: సరుకు నువ్వే కొని, చేసి, రాష్ట్రం దాటించి అమ్మితే టర్నోవర్ ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. మెటీరియల్ పార్టీదే, నీది కూలి మాత్రమే అయితే అది జాబ్ వర్క్, రిజిస్టర్డ్ పార్టీకి చేసే చిన్నవాళ్లకి మినహాయింపు ఉంది. రేటు ఒప్పుకునే ముందే మీ ఆడిటర్‌ని అడిగి, ఆ ప్రకారం చలానా రాయించుకో. మెటీరియల్ ఆయనే పంపితే 6063 వచ్చే గొడవ కూడా ముందే మాట్లాడుకోవచ్చు.

బరంపురం_గ్యారేజ్
బెల్ట్ కిట్ డ్రాయింగ్ నా దగ్గర ఉంది, మెసేజ్ పెట్టు. పుల్లీలు మీ లేత్ మీదే తిప్పుకోవచ్చు.