తెల్ల దుప్పటి మీద పసుపు, పైగా మా బోరు నీళ్లు

రావులపాలెం కోడలు: మొన్న మా పాప ఓణీల ఫంక్షన్‌లో తెల్ల దుప్పటి మీద పసుపు గిన్నె ఒలికింది. సబ్బు రాయగానే మరక ఎర్రగా తిరిగింది! టెన్షన్‌లో బోరు నీళ్లలో బ్లీచింగ్ కలిపి నానబెట్టాను. ఇప్పుడు దుప్పటంతా తుప్పు రంగు. మా అత్తగారు పుట్టింటి నుంచి తెచ్చుకున్నదండి. ఏం చేయను?

పాలకొల్లు పిన్ని: ఎరుపుకి కంగారు పడకమ్మా. సబ్బులో క్షారానికి పసుపు అలాగే తిరుగుతుంది, జాడిస్తే మళ్లీ పచ్చబడుతుంది. తడి మీదే ఎండలో వెయ్యి. పసుపు ఎండకి నిలవదు. మా తలగడ గలీబు రెండు మధ్యాహ్నాల్లో తెల్లబడింది.

అమలాపురం మాస్టారు: ఆ తుప్పు మీ బోరు నీళ్లలో ఇనుముదండి. బ్లీచింగ్ తగిలితే అది తుప్పై బట్టకి పట్టేస్తుంది. నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టండి. అయితే ముందు బ్లీచింగ్ వాసన పూర్తిగా పోయేదాకా జాడించాలి, రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. ఈసారి కుళాయి నీళ్లు వాడండి.

రావులపాలెం కోడలు: తుప్పు చాలావరకు వదిలిందండి. పసుపు మాత్రం ఓ మూల రూపాయి బిళ్ళంత ఉంది. రేపు మళ్లీ డాబా మీద వేస్తా. అత్తగారు ఇంకా చూడలేదు.