సమస్యాపూరణం: కాచి త్రాగెడి మందునుఁ గట్టె యోగి

పృచ్ఛకుడు: ఈ వారం సమస్య తేటగీతి చివరి పాదం. ముందు మూడు పాదాలు మీరు పూరించాలి.

*కాచి త్రాగెడి మందునుఁ గట్టె యోగి*

కాచి తాగే మందు ఏమిటో అందరికీ తెలుసు, కషాయం. దాన్ని యోగి కట్టుకోవడం ఎలాగో మీరు చెప్పాలి. ఆ మాటకున్న అర్థాలన్నీ తవ్వి తీయండి. వగరు రుచి, మందు, రంగు, మనసులోని మురికి, ఏదైనా సరే.

కొత్తచిగురు: పూరణకు ముందు ఒక సందేహం. ‘కాచి త్రాగెడి’లో ‘త్రా’ సంయుక్తాక్షరం కదా, దాని ముందున్న ‘చి’ గురువు కాదా? అయితే మొదటి సూర్యగణం చెడిపోతుంది.

అరసున్న: కాదండీ. ‘త్రాగు’ తెలుగు మాట, అందులోని రేఫను తేల్చి పలుకుతాం. పైగా వేరే పదం. ‘చి’ లఘువుగానే ఉంటుంది. కాచి (గల), త్రాగెడి (భ), మందునుఁ (భ), గట్టె (గల), యోగి (గల). యతి కా–గ. పాదం నిక్షేపంగా ఉంది.

పుట్టతేనె: నా పూరణ.

తే.గీ.
చెట్టు బెరడును నీటిలోఁ జేవ దిగఁగఁ
గాఁచి యా నీట ముంచిన కట్టుబట్ట
రంగు పట్టి కాషాయమై రహి వహించె;
కాచి త్రాగెడి మందునుఁ గట్టె యోగి.

వైద్యమిత్ర: ‘చేవ దిగఁగ’ చాలా బాగుంది, కషాయం పెట్టడమంటే సరిగ్గా అదే. కానీ నాకొక పేచీ ఉంది. సన్యాసుల బట్టకు రంగు కావిమట్టితో కదా? గైరికం. చెట్టు బెరడు ఎక్కడినుంచి వచ్చింది?

అరసున్న: కావి సంగతి నిజమే. మాట మాత్రం బెరడు వైపే ఉంది. ‘తేన రక్తం రాగాత్’ అని పాణిని సూత్రం (4.2.1). ఏ రంగుతో అద్దితే ఆ రంగు పేరు మీద బట్టకు పేరు వస్తుంది. దానికి కాశికావృత్తి అనే వ్యాఖ్య ఇచ్చే ఉదాహరణల్లో ఒకటి ఇదే: కషాయంతో అద్దిన వస్త్రం కాషాయం. మొదటి అచ్చు దీర్ఘమైంది, అంతే. బౌద్ధుల వినయంలో, అంటే సంఘ నియమాల్లో, భిక్షువుల చీవరాలకు (బట్టలకు) అనుమతించిన రంగులు ఆరు: వేరు, మాను, బెరడు, ఆకు, పువ్వు, పండు. మట్టి ఆ లెక్కలో లేదు. వాటిని ఉడికించే రంగు తీసేవారు. కాబట్టి మందుల పొయ్యికీ రంగుల పొయ్యికీ చుట్టరికం పాతదే.

పృచ్ఛకుడు: పద్యం నిర్దుష్టం. ఒక్కటే వెలితి: మూడో పాదంలోనే ‘కాషాయమై’ అని విప్పేశారు. నాలుగో పాదం చదివేసరికి పాఠకుడికి వింతేమీ మిగలలేదు. సమస్యాపూరణంలో ఆఖరి పాదం దాకా చిక్కు బిగువుగా ఉండాలి.

పుట్టతేనె: ఒప్పుకుంటున్నాను. పేరు చెప్పకపోతే ఎవరికీ అర్థం కాదేమోనని భయపడ్డాను.

తేటనీరు: ప్రస్తుతానికి క్రమాలంకారం, ప్రశ్నలకు వరసగా జవాబులు.

తే.గీ.
రోగి యే దానిఁ గోరును రుజ నడంప?
పెండ్లికొడు కేమి చేసెను బేర్మిఁ దాళి?
మనసు నదుపులో నిలిపెడి మాన్యుఁ డెవఁడు?
కాచి త్రాగెడి మందునుఁ, గట్టె, యోగి.

పృచ్ఛకుడు: మూడు ప్రశ్నలు, మూడు జవాబులు. తప్పు పట్టడానికేమీ లేదు. అయితే క్రమాలంకారం ఏ సమస్యకైనా సరిపోయే దొంగ తాళంచెవి. మీ చేతిలో ఇంతకన్నా మంచిది ఉందని నాకు తెలుసు.

కొత్తచిగురు: భయపడుతూనే పెడుతున్నాను. ‘మందు’ అంటే ఇంకో అర్థం కూడా ఉంది కదా! దాన్ని కూడా కాస్తారు.

తే.గీ.
సారె సారెకు సారాయి సంతరించి
యిల్లు మఱచిన వాఁడు తా మారిపోయి
జపము తపములఁ గాలమ్ము జరుపుచుండి
కాచి త్రాగెడి మందునుఁ గట్టె యోగి.

వైద్యమిత్ర: హహ! సారా కాయడం తట్టనే లేదు నాకు.

అరసున్న: ఊహకు నూరు మార్కులు. రెండు లోపాలు. రెండో పాదంలో యతి తప్పింది, ‘యి’కి ‘మా’ కుదరదు. ‘ఇల్లు మఱచిన వాఁడు తా నిపుడు మాఱి’ అంటే ఇ–ఇ కుదిరిపోతుంది. రెండోది అర్థానికి సంబంధించింది. మానేశాడు అనడానికి తెలుగులో ‘కట్టిపెట్టె’ అంటాం, ఒట్టి ‘కట్టె’ అంటే ఆ అర్థం రాదు.

కొత్తచిగురు: యతి దిద్దుకుంటాను. రెండోదాని గురించి ఆలోచించాలి. సమస్య పాదాన్ని మార్చలేను కదా.

అరసున్న: ఈలోగా పృచ్ఛకుడు గారి మీద ఒక ఫిర్యాదు. వేడి చేయడం అనే అర్థంలో ‘కాఁచు’కు అరసున్న ఉంటుంది, కాఁగు–కాఁచు. అరసున్న లేని ‘కాచు’కు కాపాడడం, కాయలు కాయడం అని అర్థం. మీరిచ్చిన పాదంలో అరసున్న లేదు. మీరు మరిచిపోయినది నా పేరు కాబట్టి దాన్నే వాడుకుంటాను.

తే.గీ.
అడవి లేడికి గాయమై యలసి పడఁగ
రాత్రి యంతయుఁ బులి దరి రాకయుండ
మేలుకొని దాని చెంతనే మెదలకుండఁ
గాచి, త్రాగెడి మందునుఁ గట్టె యోగి.

పృచ్ఛకుడు: అరసున్న నా పొరపాటే. దాన్ని ఇంత లాభసాటిగా వాడుకున్నవారిని చూడలేదు. ‘కాచి’ దగ్గర విరుపు పడగానే పాదం రూపమే మారిపోయింది.

తేటనీరు: విరుపు అద్భుతం. వరసే నచ్చలేదు. రాత్రంతా కాపలా కాసి తెల్లవారాక కట్టు కట్టాడా? అప్పటిదాకా లేడి నెత్తురోడుతూనే ఉందా?

అరసున్న: తెల్లవారి కట్టు మార్చాడనుకోండి.

తేటనీరు: అనుకోవాలంటే పద్యంలో ఉండాలి.

వైద్యమిత్ర: నా అనుమానం వేరు. తాగే కషాయం నీళ్లలా ఉంటుంది, దాన్ని కట్టడం కుదరదు. గాయాన్ని కషాయంతో కడుగుతారు, ముద్దగా నూరిన కల్కాన్ని కడతారు. అయినా అరసున్న గారికి శాస్త్రం ఒక దారి వదిలిపెట్టింది. చరకుడు సూత్రస్థానం నాలుగో అధ్యాయంలో ‘కషాయం’ అనే మాటను చాలా విశాలంగా వాడాడు. స్వరసం, కల్కం, శృతం, శీతం, ఫాంటం, ఈ అయిదూ ఆయన లెక్కలో కషాయ కల్పనలే. పిండిన రసమూ కషాయమే, నూరిన ముద్దా కషాయమే. మనం ఇంట్లో కషాయం అనేది వీటిలో మూడోది మాత్రమే, శృతం, అంటే క్వాథం. అదే అధ్యాయంలో పదేసి మందులతో 50 మహాకషాయాలు చెప్పాడు. ఇంకో తమాషా, ఆరు రుచుల్లో ఉప్పును మాత్రం కషాయాలకు మూలంగా ఒప్పుకోలేదు.

పుట్టతేనె: అయితే నేను పొద్దున్నే వేడినీళ్లలో ఆకులు వేసి మూతపెట్టి తాగేది కషాయం కాదా?

వైద్యమిత్ర: అది ఫాంటం. ఆయుర్వేద గ్రంథకర్త శార్ఙ్గధరుడి కొలత ప్రకారం ఒక వంతు మందుకు నాలుగు వంతుల వేడినీళ్లు. రాత్రంతా చన్నీళ్లలో నానబెడితే హిమం (చరకుడి శీతం), ఆరు వంతుల నీళ్లు. క్వాథానికి 16 వంతుల నీళ్లు పోసి, మట్టిపాత్రలో సన్నని మంట మీద ఎనిమిదో వంతు మిగిలేదాకా కాచాలి. అంటే 16 గ్లాసులు పోస్తే రెండే మిగలాలి. గట్టి బెరళ్లు, వేళ్లు సారం వదలాలంటే అంత సేపు పడుతుంది. సువాసన ఉన్న ఆకులను మాత్రం అంత సేపు మరిగిస్తే ఆ వాసనంతా ఆవిరైపోతుంది. అందుకే అన్నిటినీ ఒకే గిన్నెలో పడేసి ఉడికించడం నాకు నచ్చదు. వంటగదిలో కాగినదల్లా కషాయమనడం వాడుకలో చెల్లుతుంది గానీ వైద్యంలో చెల్లదు.

పృచ్ఛకుడు: మనసులోని మురికి అనే అర్థం జోలికి ఇంకా ఎవరూ పోలేదు. జైనులు క్రోధం, మానం, మాయ, లోభం ఈ నాలుగింటినీ కషాయాలంటారు. వేదాంతులకు సమాధిలో ఎదురయ్యే నాలుగు విఘ్నాల్లో కషాయం ఒకటి. ధమ్మపదం మొదటి వర్గంలో తొమ్మిదో గాథ ఈ శ్లేష మీదే నిలబడింది. లోపలి ‘కసావం’ (కషాయం) పోనివాడు ‘కాసావం’ (కాషాయం) ధరించడానికి తగడని.

తేటనీరు: ఇది చూశాక నిద్ర పట్టలేదు. క్రమాలంకారాన్ని కొట్టేసి దీన్ని చూడండి.

తే.గీ.
మదిని గల కషాయము నింత మాన్పుకొనక
పైకిఁ గట్టిన కాషాయ వస్త్రమేల?
రోగ ముండఁగ లోపల, రోఁత గాదె!
కాచి త్రాగెడి మందునుఁ గట్టె యోగి.

పుట్టతేనె: లోపలికి తాగవలసిన మందును పైన చుట్టుకున్నాడు! నేనూ ‘కాషాయం’ అన్నాను, మీరూ అన్నారు. నా పద్యంలో అది జవాబైంది, మీ పద్యంలో నింద అయింది.

కొత్తచిగురు: రెండో పాదంలో ‘పై’కి ‘వ’ యతి చెల్లుతుందా? ఈసారి నేనే పట్టుకున్నాననుకుంటున్నాను.

అరసున్న: చెల్లుతుంది. ప, ఫ, బ, భ, వ ఒకదానికొకటి మిత్రాలు. అచ్చుల్లో ఐకారానికి అకారంతో మైత్రి ఉంది. వెతకడం మాత్రం మానకండి.

పృచ్ఛకుడు: తేటనీరు గారి పద్యంలో పాదాన్ని విరవలేదు, అరసున్న చేర్చలేదు, ‘కట్టె’ అర్థం మార్చలేదు. సమస్యలోని వింతే వెక్కిరింతగా మారింది. ఈ వారం మిగతావన్నీ దాని తరువాతే. ‘నింత’ ఒక్కటే కాస్త పూరకంగా వినిపించింది.

తేటనీరు: ‘ఇంతైనా’ అనే అర్థంలో వేశాను. పాదం నింపడానికి కూడా అనుకోండి, అబద్ధం ఎందుకు?

కొత్తచిగురు: నా సారా పద్యానికి మూడో పాదం మార్చాను. ఇప్పుడు ‘కట్టె’ కుదురుతుందేమో చూడండి.

తే.గీ.
సారె సారెకు సారాయి సంతరించి
యిల్లు మఱచిన వాఁడు తా నిపుడు మాఱి
జపము చేయఁగ నడవికిఁ జనుచు, మూటఁ
గాచి త్రాగెడి మందునుఁ గట్టె యోగి.

అరసున్న: యతి కుదిరింది, అన్వయం కుదిరింది. కానీ మూట కట్టి అవతల పారేశాడా, వెంట తీసుకుపోయాడా?

కొత్తచిగురు: అది పద్యంలో లేదండీ.